కుడితిలో వేసిన విస్తరాకులు

మా గెస్ట్‌హౌస్‌కు వచ్చినవాళ్లు మొదట వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. తర్వాత వేడినీళ్లు ఎన్నింటిదాకా వస్తాయని అడుగుతారు. ఆ తర్వాత ముక్కు కొంచెం ముడిచి, "ఇక్కడ దగ్గర్లో గేదెలున్నాయాండీ?" అంటారు. ఉన్నాయి, నాలుగున్నాయి, ఎదురింటి రేకుల కొట్టంలో ఉంటాయి, పొద్దున మీరు రెండుసార్లు అడిగి తాగిన కాఫీలో పాలు వాటివే అని చెబుతాను. దాంతో ముక్కు మామూలుగా అయిపోతుంది.

హైటెక్ సిటీ అంటే అద్దాల మేడలే అనుకుంటారు. ఆ మేడల వెనక పాత ఊళ్లు ముక్కలు ముక్కలుగా మిగిలి ఉన్నాయని ఇక్కడ కాపురం ఉన్నవాళ్లకే తెలుసు. మాది అలాంటి ఒక ముక్కలో ఇరుకు సందు. ఒక కారు లోపలికి వస్తే ఎదురొచ్చే కారు వెనక్కి పోవలసిందే. ఎవరు వెనక్కి పోవాలన్న దాని మీద రోజుకొక పంచాయితీ జరుగుతుంది. పదకొండేళ్ల క్రితం మేము మదీనాగూడలో కాపురం ఎత్తేసి, ఈ సందులో మూడంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని ఎనిమిది గదుల గెస్ట్‌హౌస్ పెట్టాం. మా ఆయన అంతకుముందు ఒక కంపెనీకి క్యాబ్ నడిపేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మాకు హోటల్ పని ఏమీ తెలియదు. ఇంటికొచ్చిన చుట్టాలకు ఏం చేస్తామో అదే చేసి, వెళ్లేటప్పుడు డబ్బులు తీసుకోవడం అలవాటు చేసుకున్నాం. మొదట్లో ఆ తీసుకోవడం దగ్గరే నాకు సిగ్గేసేది. ఇప్పుడు లేదు.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఊరు చూడ్డానికి వచ్చే కుటుంబాలే. రెండు రోజులుంటారు. ఒక రోజు గోల్కొండ, చార్మినార్. ఇంకో రోజు దుర్గం చెరువు దగ్గర ఫొటోలు, మాల్‌లో షాపింగ్. మా ఆయన కారులో తిప్పుతారు, నేను టిఫిన్ పెడతాను. ఇదీ మా టూరిజం.

ఎదురింటి బర్రెలు ఒక అక్కవి. ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఈ ఊరి మనిషే, ఈ ఊరికే కోడలైంది. అత్తగారింటి జొన్న చేను ఇప్పుడు ఏ బిల్డింగ్ కింద ఉందో వేలు పెట్టి చూపించగలదు. చూపించి, "గా లిఫ్టున్న కాడ మా బాయి ఉండె" అని మామూలుగా చెబుతుంది. ఏడవదు. పొలం పోయినా పాడి వదల్లేదు. తెల్లారుతూనే పాలు తెచ్చి పోసి, తిరిగి పోయేటప్పుడు మా గోడ పక్కనున్న కుడితి బకెట్ తీసుకుపోతుంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన ఇడ్లీలు అన్నీ ఆ బకెట్‌లోకే పోతాయి. మేము ఈ సందులోకి వచ్చిన మర్నాడే ఆ బకెట్ తెచ్చి పెట్టింది. "పారబోయకు చెల్లె, దీంట్ల ఎయ్యి" అంది. అంతే. అప్పటినుంచి మాకు ఆమె అక్క, ఆమెకు నేను చెల్లె. నా కోపం సందులో అందరికీ తెలుసు. ఆమె ఒక్కతే దానికి భయపడదు.

రెండేళ్ల క్రితం మా గదులు బుక్ చేసే సైట్ వాళ్లు ఒక ఫారం పంపించారు. పర్యావరణాన్ని పాడుచేయకుండా నడిపే హోటళ్లకు పేరు పక్కన చిన్న ఆకుపచ్చ ఆకు గుర్తు పెడతారట. నాకు ఒళ్లు మండింది. ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, చలేస్తోందని కిటికీ తీసుకునేది గెస్టులు. గీజర్ ఆపకుండా చార్మినార్ పోయేది గెస్టులు. నీతులు మాత్రం నాకా? ఆ ఫారం నెల రోజులు ముట్టుకోలేదు. ఈలోగా పక్క సందులో కొత్తగా పెట్టిన గెస్ట్‌హౌస్‌కు ఆ ఆకు వచ్చింది. మా ఆయన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆయన ఏమీ అనకపోతే నాకు ఇంకా మంట. ఆ రోజే ఫారం నింపడానికి కూర్చున్నాను.

మొదలుపెట్టాక మాత్రం అందులో నాకు సరదా పుట్టింది. బొటనవేలంత షాంపూ సీసాలు మానేసి, నొక్కితే వచ్చే పెద్ద సీసాలు గోడకు బిగించాం. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు తీసేసి గదికొక స్టీల్ జగ్గు, కింద ఫిల్టర్ పెట్టాం. "సీల్ ఉన్న బాటిల్ లేదాండీ?" అని అనుమానంగా అడిగినవాళ్ల ముందు నేనే ఒక గ్లాసు తాగి చూపించాను. తువ్వాళ్లు రోజూ ఉతకడం మానేసి, కావాలంటే తలుపు బయట వేయమని బోర్డు పెట్టాం. ఏసీల నుంచి కారే నీళ్లు డబ్బాల్లో పట్టి ఆ నీళ్లతోనే మెట్లు తుడిపించాను. గోల్కొండకు రెండు కుటుంబాలుంటే రెండు ట్రిప్పులు వేయకుండా, ఇద్దరినీ ఒప్పించి ఒక కారులో పంపడం మొదలుపెట్టాం. అలా వెళ్లిన నాగ్‌పూర్ వాళ్లు, గుంటూరు వాళ్లు సాయంత్రానికి ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకుని వచ్చారు. నాకు నిజంగా సంతోషం వేసింది. చిన్న వ్యాపారం కాబట్టే ఇవన్నీ చేయగలుగుతున్నాం, పెద్ద హోటల్ అయితే ఎవరు ఎవరి మాట వింటారు అనుకున్నాను. కొంచెం గర్వం కూడా వచ్చింది. ఆ గర్వం సంగతే ఇప్పుడు చెప్పాలి.

మిగిలింది ప్లేట్ల సమస్య. ఎండాకాలం వస్తే ఈ చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోతాయి. ట్యాంకర్ వస్తేనే స్నానం. స్టీల్ ప్లేట్లు తోమడానికి నీళ్లు లేక, వాడి పారేసే ప్లేట్లలో టిఫిన్ పెట్టేవాళ్లం. ఫారంలో దానికొక ప్రశ్న ఉంది. విస్తరాకుల ఆలోచన నాకే వచ్చింది. హోల్‌సేల్ దుకాణానికి వెళ్తే మిషన్ మీద నొక్కిన మోదుగాకు ప్లేట్లు చూపించాడు. గుండ్రంగా, అంచు మడతలతో, ముద్దుగా ఉన్నాయి. పైన ఆకు నిగనిగలాడుతోంది. "అంతా నేచురల్ మేడమ్" అన్నాడు. కట్టలు కట్టలు తెచ్చేశాను. ఇడ్లీ, గారె, కొబ్బరి పచ్చడి పెట్టి ఫొటో తీసి సైట్‌లో మొదటి ఫొటోగా పెట్టాను.

మర్నాడు అక్క పాలు పోస్తూ ఆ ప్లేట్లు చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏంది చెల్లె, ఇస్తారాకులల్ల పెడ్తున్నవా ఇప్పుడు? గిది ఆకేనా?"

"మోదుగాకు అక్కా. అచ్చంగా ఆకే. నీ బర్రెలకు కూడా వేసుకోవచ్చు."

"మా పెండ్లికి ఇస్తార్లు మేమే కుట్టినం. అందరు తిన్నంక అన్ని బర్లకే ఏసిండ్రు. ఒక్కటి పారెయ్యలే" అంది. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి గెస్టులు తిన్న విస్తరాకులు కుడితి బకెట్‌లో పడ్డాయి. అక్క అవి నానేదాకా ఉంచి తొట్లో పోసేది. మెతుకులు, పచ్చడి అంటుకున్న ఆకు కాబట్టి బర్రెలు ఇష్టంగానే తిన్నాయి. ప్లేటు గెస్టు దగ్గర మొదలై పాలై మళ్లీ గెస్టు దగ్గరికే వస్తోందని మా ఆయనతో గొప్పగా చెప్పాను. ఆయన కూడా మెచ్చుకున్నారు, అది అరుదు.

నెల తిరిగిందేమో. ఒక పెద్దాయన సాంబారు బాగా వేడిగా కావాలంటే పొయ్యి మీంచి దించి నేరుగా వడ్డించాను. ఆయన ప్లేటులో ఆకు మీద సన్నటి పొర ముడతలు పడి లేచింది. పాల మీద మీగడలా లేచింది గానీ మీగడ కాదు. ఆయన గమనించలేదు. తిన్నాక ఆ ప్లేటు వంటింట్లోకి తెచ్చి కడిగి, గోటితో గీకాను. పొర మొత్తం కవరులా ఊడి చేతిలోకి వచ్చింది. ఇటు నుంచి చూస్తే అటు కనిపించేంత పల్చటి ప్లాస్టిక్.

దుకాణానికి ఫోన్ చేసి అరిచాను. అతను శాంతంగా, "ఆ పొర లేకుంటే సాంబారు కారిపోతది కదా మేడమ్, మిషన్ ప్లేట్లు అన్నీ అట్లనే వస్తయి" అన్నాడు. నేనే అడగలేదు, అతను చెప్పలేదు. ఇంకా ఏడు కట్టలు మిగిలి ఉన్నాయి. సైట్ వాళ్లకు ఫొటోలు పంపి పది రోజులైంది. వాళ్ల జవాబు ఇంకా రాలేదు.

అప్పుడు నేను చేయవలసింది ఒక్కటే. సందు దాటి ఎదురింటికి వెళ్లి, "అక్కా, ఇవి బర్రెలకు వేయకు" అని చెప్పాలి. పది అడుగుల దూరం. నేను వెళ్లలేదు. అచ్చంగా ఆకే అని చెప్పిన నోటితో ఇప్పుడు కాదని ఎలా చెప్పను అనిపించింది. చెబితే సందంతా తెలుస్తుంది, గెస్టులకు తెలుస్తుంది, ఆకు గుర్తు రాకుండా పోతుంది. అందుకని చెప్పకుండానే సరిచేయొచ్చని ఒక తెలివైన ఉపాయం వేశాను. తిన్న విస్తరాకులు కుడితి బకెట్‌లో వేయకుండా గోనెసంచిలో నింపి చెత్త ఆటోకు ఇచ్చేస్తే సరి. ఉన్న కట్టలు అయిపోయాక మానేస్తే సరి.

మూడో రోజుకే ఆ ఉపాయం తప్పింది. చెత్త ఆటో రెండు రోజులు రాలేదు. సంచి గేటు దగ్గర నిండి ఉంది. పొద్దున అక్క వచ్చి సంచి మూతి విప్పి చూసి నా మీద కేకలేసింది. "ఆకులు చెత్తల ఏస్తవా? మెతుకులున్నయి ఇంక. పాపం తల్గదా?" అంటూ సంచి మొత్తం భుజాన వేసుకుని కొట్టంలోకి తీసుకుపోయింది. నేను వెనకాలే వెళ్లాను. చెప్పడానికే వెళ్లాను, అది నిజం. కానీ నా వెనకాల మా గెస్టు ఒకమ్మాయి కూడా వచ్చింది. తిరిగిన ఊళ్ల గురించి వీడియోలు తీసి పెట్టే అమ్మాయి. అక్క ఆకులు తొట్లో వేయడం, బర్రె నోటితో అందుకోవడం చూసి ఫోన్ పైకెత్తింది. "వావ్, జీరో వేస్ట్! ఆంటీ, మీరొక్క మాట చెప్పండి" అంది.

నేను నవ్వాను. "మా దగ్గర ఏదీ వృథా పోదండీ" అన్నాను. వీడియోలో నా వెనక బర్రె నములుతూ ఉంటుంది. చూడి బర్రె, నాలుగింటిలోకి అక్కకు ముద్దైనది. నేను తర్వాత ఆ వీడియో చాలాసార్లు చూశాను. నా ముఖంలో ఏమైనా తేడా కనిపిస్తుందేమోనని వెతికాను. ఏ తేడా లేదు. పెళ్లిలో ఫొటో దిగినట్టు ఉన్నాను.

ఆ వారంలోనే ఆకు గుర్తు వచ్చింది. వీడియో చూసి ఫోన్లు వచ్చాయి. గదులు నిండాయి. అక్క రోజూ తనే సంచి విప్పి ఆకులు తీసుకుపోయేది, నన్ను అడగవలసిన పని కూడా లేకపోయింది. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ ఉన్నాను. కొన్నాళ్లకు అలా అనుకోవడం కూడా మానేశాను. కట్టలు అయిపోతే మళ్లీ అవే తెచ్చాను. ఇది రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

వానలు మొదలయ్యాక ఆ చూడి బర్రె మేత మానేసింది. నెమరు లేదు. కడుపు ఎడమ వైపు డప్పులా బిగిసిపోయింది. అక్క వాము నూరి పోసింది, పొట్ట మర్దన చేసింది. మూడో రోజు పశువుల దవాఖాన నుంచి డాక్టర్ వచ్చి చూసి, కోయాలన్నాడు. ఆరు నెలల చూడి, కోస్తే ఏమవుతుందో చెప్పలేను, కోయకపోతే మాత్రం రెండూ పోతాయి అన్నాడు. అక్క బర్రె మెడ పట్టుకుని నిలబడి, "కొయ్యి సారూ" అంది.

కొట్టంలోనే, బర్రెను నిలబెట్టి, సూదిమందుతో ఎడమ పక్క మొద్దుబార్చి కోశారు. నేను వేడినీళ్లు అందిస్తున్నాను. డాక్టర్ భుజం దాకా తొడుగు వేసుకుని లోపలి నుంచి తీసి టబ్బులో వేస్తున్నాడు. నల్లటి కవర్లు, తాళ్లు, పాల ప్యాకెట్లు, గడ్డకట్టిన ముద్దలు. వాటి మధ్య గుండ్రంగా పల్చటి పొరలు ఒకదానికొకటి అతుక్కుని వచ్చాయి. అంచుల్లో మడతలు ఇంకా అలాగే ఉన్నాయి. అక్కడున్నవాళ్లకు అవన్నీ ప్లాస్టిక్కే. అవి ఏమిటో తెలిసింది నాకొక్కదానికే.

"రోడ్ల మీద మేసే పశువులన్నింటికీ ఇదే కథమ్మా" అన్నాడు డాక్టర్. "కట్టేసి మేపుకోవాలి."

"నాదే తప్పు సారూ" అంది అక్క. "దానా పిరమైందని మధ్యాహ్నంపూట రోడ్ల మీదికి ఇడిసిన. గా కంపెనీ గోడల పొంట కవర్లు తింటదని ఎర్కుండి గూడ ఇడిసిన."

నేను వేడినీళ్ల గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను.

బర్రె బతికింది. అయిదో రోజుకు లేత గడ్డి నోట్లో పెట్టుకుంది. అక్క మాత్రం మారిపోయింది. నాలుగింటినీ కొట్టం దాటనిచ్చేది కాదు. ఒక పొద్దున పాలు పోస్తూ, ఇక అమ్మేస్తానంది.

"బిడ్డ బాచుపల్లికి రమ్మని ఎన్నో ఏండ్ల సంది అడుగుతున్నది. ఇగ పోత. గీ పట్నంల బర్లను సాదుడు నా తోటి కాదు చెల్లె. నా అసొంటి దాని చేతిల పడి అవి సస్తయి. సంగారెడ్డి దిక్కుకెల్లి బేరగాడు బేస్తారం వస్తుండు."

అప్పటికి సోమవారం. బేరగాడు వచ్చే గురువారానికి మూడు రోజులుంది. నలభై ఏళ్లుగా పాడి చేసిన మనిషి, తనకు పశువుల్ని సాకడం చేతకాదని నా గడపలో నిలబడి చెబుతోంది. అది అబద్ధమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా ఆయనకు ఆ సాయంత్రం మొత్తం చెప్పాను. ఆయన, "అందులో రోడ్డు మీద కవర్లు కూడా ఉన్నాయిగా. మనవెన్నో అవెన్నో ఎవరికి తెలుసు? ఇప్పుడు చెప్పి ఆమెను ఇంకా బాధ పెట్టడం ఎందుకు?" అన్నారు. నేను వినాలనుకున్న మాట అదే. వినడానికే ఆయన్ని అడిగాను. విన్నాక అన్నం సయించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

బుధవారం మధ్యాహ్నం గెస్టులందరూ బయటికి వెళ్లాక ఒక కొత్త విస్తరాకు తీసుకుని కొట్టంలోకి వెళ్లాను. అక్క బర్రె కుట్లకు పసుపు, నూనె రాస్తోంది. మాటల్లో చెప్పే ధైర్యం లేక, ప్లేటు తొట్లో నీళ్లలో ముంచి, ఆమె ముందే గోటితో గీకి పొర లాగాను. మొత్తం ఊడి వచ్చింది. ఆమె అరచేతిలో పెట్టాను.

"లోపలి నుంచి వచ్చినవాటిలో ఇవి కూడా ఉన్నాయక్కా. నేను చూశాను."

ఆమె ఆ పొరను వెలుగుకు పట్టి చూసింది. వేళ్లతో లాగితే సాగింది.

"నీకెప్పుడు ఎర్కైంది?"

"ఎండాకాలంలోనే."

"గా పోరి ఫోన్ల పట్టిననాటికి ఎర్కేనా?"

"తెలుసక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడే వెళ్లాను. తిడితే నేనూ ఏడ్చి, కాళ్లు పట్టుకుని, ఆ రోజుతో అయిపోతుందని మనసులో ఉంది. ఆమె తిట్టలేదు. బర్రె వైపు తిరిగి, కుట్ల పక్కన చెయ్యి వేసింది.

"దీన్ని కొట్టిన చెల్లె" అంది. "రోడ్డు మీద గడ్డి తినక కవర్లు తింటివి గదనే అని కట్టె తీస్కోని కొట్టిన. కుట్లున్నంగనే కొట్టిన."

పసుపు, నూనె మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఇగ నువ్వు పో" అంది. నేను వచ్చేశాను.

గురువారం బేరగాడు టాటా ఏస్ వేసుకుని వచ్చాడు. సందులోకి బండి రావడం, అక్క వాకిట్లో నిలబడి అతనికి వద్దని చెప్పడం నేను పై అంతస్తు కిటికీలోంచి చూశాను. అతను డీజిల్ దండగైందని గొణిగి, మళ్లీ రివర్స్‌లో సందంతా వెనక్కి పోయాడు. బర్రెలు ఉన్నాయి. నాకు కొండంత బరువు దిగింది. అయితే మర్నాడు పొద్దున మా గేటు దగ్గరికి పాలు రాలేదు. కుడితి బకెట్ నిండి, పొంగింది, ఈగలు ముసిరాయి. సాయంత్రం నేనే తీసుకెళ్లి మోరీలో పారబోశాను. ఈ సందులోకి వచ్చాక అలా పారబోయడం అదే మొదటిసారి.

తర్వాత నేను చేయగలిగినవన్నీ చేశాను. విస్తరాకులు ఆపేశాను. మిగిలిన కట్టలు ఎవరికీ ఇవ్వలేక, పారేయలేక అటక మీద పెట్టాను. స్టీల్ కంచాలు కొన్నాను. తోమడానికి రెండు తొట్లు పెట్టి, రెండో తొట్టి నీళ్లే మళ్లీ మర్నాటి మొదటి తొట్టికి వాడుతున్నాం, కాబట్టి ట్యాంకర్ ఖర్చు పెద్దగా పెరగలేదు. ఇది మొదటే చేసి ఉండొచ్చు. ఫొటోలో ముద్దుగా ఉండదని చేయలేదు. వీడియో తీసిన అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెబితే, పాపం వెంటనే తీసేసింది, ఏడ్చింది కూడా. సైట్ వాళ్లకు కూడా రాశాను. మా విస్తరాకుల్లో ప్లాస్టిక్ ఉంది, మా ఆకు గుర్తు తీసేయండి అని. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. ఆకు ఇప్పటికీ అలాగే ఉంది. తెచ్చుకోవడం కంటే తీయించుకోవడమే కష్టమని అర్థమైంది.

పాలకు ప్యాకెట్లు కొనక తప్పలేదు. రోజూ పొద్దున పన్నెండు ప్లాస్టిక్ ప్యాకెట్లు కత్తిరించి గిన్నెలో పోస్తూ, గోడ మీద "పర్యావరణాన్ని కాపాడుదాం" అని నేనే పెట్టించిన బోర్డు చదివేదాన్ని. కాఫీ బాగోలేదని గెస్టులు అనేవాళ్లు. బాగోదని నాకూ తెలుసు. అక్క సందులో ఎదురైతే తల పక్కకు తిప్పుకునేది కాదు. చూసేది, చూసి వెళ్లిపోయేది. తల తిప్పుకున్నా బాగుండేది.

చలికాలం వచ్చాక బర్రె ఈనింది. కొట్టంలో హడావుడి విని తెలిసింది, ఎవరూ వచ్చి చెప్పలేదు. జున్నుపాలు సందులో ఇంటింటికీ వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాను. మా గేటు దాటి పక్కింటికి కూడా వెళ్లాయి. నా కోపం ఎటు పోయిందో గానీ, ఆ పూట వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

మర్నాడు తెల్లారి అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో చిన్న చెంబు.

"దుడ్డె పుట్టింది. ఆడిది" అంది. చెంబు నా చేతికిచ్చింది. తర్వాత గోడ పక్కకు చూసి, "కుడితి ఉన్నదా?" అంది.

ఉంది. ప్రతి రోజూ పారబోస్తూనే ఉన్నా, ప్రతి రోజూ మళ్లీ పడుతూనే ఉన్నాను. బకెట్ తెచ్చి ఆమె ముందు పెట్టాను. సంతోషం పట్టలేక ఏదేదో మాట్లాడుతున్నాను. ఆమె వినడం లేదు. బకెట్ ముందు గొంతుక్కూర్చుని, జాకెట్ చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా కుడితిలో పెట్టింది. అడుగంతా తడిమింది. చుట్టూ తడిమింది. ఏదో తగిలితే పైకి తీసి వెలుగుకు పట్టి చూసింది. ములక్కాడ పిప్పి. పక్కన పడేసి మళ్లీ చెయ్యి పెట్టి, మొత్తం ఇంకోసారి వెతికింది. అప్పుడు లేచి బకెట్ తీసుకుపోయింది.

అప్పటినుంచి పాలు వస్తున్నాయి. చెల్లె అని పిలుస్తుంది. టీ ఇస్తే తాగుతుంది, దుడ్డె చేసే అల్లరి చెబుతుంది. కానీ ఏ ఒక్క రోజూ బకెట్ అలాగే ఎత్తుకుపోదు. నా కళ్ల ముందే కూర్చుని చెయ్యి పెట్టి వెతుకుతుంది. తిట్టినట్టు కాదు, నన్ను సాధించాలనీ కాదు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు వెతుకుతుంది. "నేను చూసే వేశానక్కా" అని ఒకసారి చెప్పబోయి మానేశాను. ఇప్పుడు ఆమె చెయ్యి బయటికి వచ్చేదాకా పక్కన నిలబడి ఉంటాను. తర్వాత చేతులు కడుక్కోమని ఆమెకు నీళ్లు పోస్తాను.